ఇంట్లో స్టేక్ చేసుకోవడానికి మంచి మాంసం మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? (నల్గొండ, మహబూబ్‌నగర్ వాళ్ళు చెప్పండి)

పానగల్_కట్ట
నాలుగేళ్ళు మెల్‌బోర్న్‌లో ఉండి పోయిన దసరాకు నల్గొండ వచ్చేశాను. అక్కడ ఉన్నప్పుడు వారానికోసారి ఇంట్లోనే స్టేక్, అంటే మందపాటి మాంసం ముక్కను పెనం మీద కాల్చి, చేసుకునేవాణ్ణి. ఇక్కడికి వచ్చాక మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పాడైంది. మొదటిసారి గడియారం సెంటర్ వైపు ఒక షాపులో "రాన్ (వెనక తొడ) నుంచి ఎముక లేకుండా రెండు వేళ్ళ మందం కోసివ్వన్నా" అంటే సరే అన్నాడు, ఫోన్ వస్తే మాట్లాడి తల తిప్పేలోపు మొత్తం కూర ముక్కలు కొట్టేశాడు. రెండోసారి పక్కనే నిలబడి కోయించాను. పెనం మీద వేస్తే నీళ్ళు వదిలి ఉడికినట్టయింది, నమిలితే రబ్బరు. మూడోసారి ఆన్‌లైన్‌లో చాప్స్ (పక్కటెముకల ముక్కలు) ప్యాకెట్ తెప్పించాను, అర అంగుళం మందం కూడా లేవు, పైగా ఎముక పొడి.

నెలాఖరుకు నాన్నకు 60 నిండుతాయి. ఆ రోజు నా చేతి వంట పెట్టాలని నా కోరిక. ఆయనకు పై వరుస పళ్ళు కట్టుడువి, అందుకని మెత్తగా ఉండి తీరాలి. నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, అటు జడ్చర్ల, పాలమూరు వైపైనా సరే, బండేసుకుని వస్తాను. ఏ మాంసం, ఎక్కడ, ఏమని అడగాలి?

పిల్లలమర్రి_నీడ
ముందు ఏ మాంసమో చెప్పు తమ్ముడూ. స్టేక్ అంటే నువ్వు అక్కడ తిన్నది ఆవు, ఎద్దు మాంసం అయి ఉంటుంది. అది ఇక్కడ కుదరదు.

పానగల్_కట్ట
అవునన్నా, అక్కడ ఎక్కువగా అదే. ఇక్కడ అది అడగట్లేదు. మేక, పొట్టేలు, బర్రె, వీటిలో పెనం మీద బాగా వచ్చేది ఏదైనా చాలు. ఇంట్లో అమ్మ మాత్రం యాట (మేక, పొట్టేలు) మాంసం అయితేనే వంటింట్లోకి రానిస్తుంది, అది కూడా చెప్పాలి.

మూసీ_ఒడ్డు
అయితే పొట్టేలే. మేక వద్దు. మేక మాంసంలో కొవ్వు తక్కువ, పెనం మీద గట్టిగా మంట పెడితే ఎండిపోతుంది. కూరకు మేక, కాల్చుకోవడానికి పొట్టేలు అని మా సూర్యాపేటలో పెద్దవాళ్ళ మాట.

కృష్ణమ్మ_కెరటం
మేక వద్దనడం నేను ఒప్పుకోను. లేత మేకపోతు చాప్స్ మా ఇంట్లో నెయ్యి వేసి ఎన్నిసార్లు కాల్చామో. ఏడెనిమిది నెలలది అయితే వెన్నలా ఉంటుంది. ముదురు మేకను తెచ్చి మేక మంచిది కాదంటే ఎట్లా?

మూసీ_ఒడ్డు
లేతది దొరికితే నిజమే. కానీ షాపులో వేలాడేది ఎన్ని నెలలదో ఎవరు చెప్తారు?

నల్లగొంగడి
ఇది నేను చెప్పాల్సిన విషయం. మాది మంద ఉన్న ఇల్లు, మక్తల్ అవతల. తాత నుంచి నా దాకా గొర్రెలతోనే పెరిగాం.

వయసు తెలియాలంటే పళ్ళు చూడాలి. కింది దవడ ముందు పళ్ళే, పైన ఉండవు. అన్నీ చిన్నగా పాలపళ్ళే ఉంటే ఏడాది లోపుది. మధ్యలో రెండు పెద్ద పళ్ళు వచ్చి ఉంటే ఏడాది దాటి ఏడాదిన్నర మధ్యలో ఉన్నట్టు, దాన్ని రెండు పళ్ళ పొట్టేలు అంటాం. మీ పనికి పాలపళ్ళది, మహా అయితే రెండు పళ్ళది. నాలుగు పళ్ళు వచ్చాక కుక్కర్‌కే.

షాపులో తల పక్కనే ఉంటుంది కాబట్టి అడిగి చూడొచ్చు, సిగ్గు పడకండి. ఇంకొకటి, చాలాచోట్ల పొట్టేలు అని చెప్పి ఈనడం అయిపోయిన ముసలి గొర్రెను కోస్తారు. మెత్తటి మాంసం రాకపోవడానికి సగం కారణం ఇదే. అందుకే మగదని చూపడానికి షాపుల్లో బీజాలు తీయకుండా వేలాడదీస్తారు. అవి లేకపోతే ఎందుకు లేవని అడగండి. ముసలిదాని కొవ్వు గట్టిగా ఉంటుంది, మాంసం రంగు నలుపు తిరిగి ఉంటుంది. లేతది గులాబీ రంగుకు దగ్గరగా ఉంటుంది.

2019 పశుగణనలో గొర్రెల్లో దేశంలో మొదటి స్థానం మన తెలంగాణది, కోటీ 90 లక్షలకు పైగా ఉన్నాయి. అందులో మన పాలమూరు వాటా చాలా పెద్దది. ఇన్ని మందలు కళ్ళ ముందు తిరుగుతుంటే హైదరాబాద్ నుంచి ప్యాకెట్ తెప్పించుకోవడం నాకు బాధగా ఉంది. పెబ్బేరులో శనివారం సంత, దేవరకద్రలో బుధవారం సంత. తెల్లారేసరికి ఉంటే పళ్ళు చూసుకుని, వెన్ను మీద చెయ్యి వేసి చూసుకుని కొనొచ్చు. వెన్నుపూస చేతికి గుచ్చుకోకుండా నిండుగా తగలాలి.

పానగల్_కట్ట
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్ అన్నా. కానీ నలుగురి ఇంట్లో ఒక పొట్టేలంటే ఏం చేసుకుంటాం?

నల్లగొంగడి
పోగులు వేసుకోండి. ఊళ్ళల్లో ఎప్పుడూ జరిగేది అదే. నాలుగైదు ఇళ్ళు కలిసి ఒక యాటను తెచ్చుకుంటే 25 కిలోల పొట్టేలుకు 11, 12 కిలోల మాంసం వస్తుంది. మీ వాటాగా చాప్స్, వెన్ను, ఒక రాన్ తీసుకుని మిగతావి వాళ్ళకు ఇవ్వండి. కూరకు ఎముక, సీనా (రొమ్ము భాగం) కావాలనే వాళ్ళే ఎక్కువ కాబట్టి గొడవ రాదు.

దిండి_గట్టు
గొడవ రాదా! మా బావమరుదుల మధ్య తలకాయ, కాళ్ళ కోసమే మాటలు ఆగిపోయినంత పని అయింది పోయిన సంక్రాంతికి :)

పశువుల_దవాఖాన
ఉద్యోగం పశుసంవర్ధక శాఖలో, ఊరు చెప్పను. అందరూ ఎక్కడ కొనాలని మాట్లాడుతున్నారు కానీ కొన్నాక ఏం చేశారన్నది ఎవరూ అడగలేదు. పానగల్_కట్ట గారూ, రెండోసారి మాంసం ఎన్ని గంటలకు తెచ్చారు, ఎన్నింటికి వండారు?

పానగల్_కట్ట
పొద్దున ఏడుకు తెచ్చాను సార్, మధ్యాహ్నం ఒంటిగంటకు పెనం మీద వేశాను.

పశువుల_దవాఖాన
మీ రబ్బరు అక్కడే ఉంది. కోసిన కాసేపటికి కండరంలో ఉన్న శక్తి అయిపోతూ ఉంటుంది, అది అయిపోయేకొద్దీ కండరం బిగుసుకుంటుంది. గొర్రె, మేకల్లో ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో పూర్తిగా కొయ్యబారుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి కోసింది మీరు ఒంటిగంటకు వండారంటే సరిగ్గా బిగుసుకున్న సమయంలో వండారు. ఆ తర్వాత మాంసంలోనే ఉన్న ఎంజైములు కండరంలోని సన్నటి పోగులను నెమ్మదిగా తెంపుతాయి, అప్పుడు మెత్తబడుతుంది. మీరు మెల్‌బోర్న్‌లో కొన్నది వారాల తరబడి చల్లటి గదిలో ఉంచినది. పెద్ద పశువుకు రెండు మూడు వారాలు ఉంచుతారు. పొట్టేలుకు అంత అవసరం లేదు, ఇంట్లో ఫ్రిజ్‌లో రెండు నుంచి మూడు రోజులు చాలు.

ఎలా పెట్టాలంటే, ముక్కలుగా కాదు. ఎముకతో ఉన్న పెద్ద ముక్కగా తెచ్చుకోవాలి, రాన్ మొత్తం, చాప్స్ అయితే పక్కటెముకలు విడదీయకుండా పలకగా. ఎముకను పట్టుకుని ఉంటే కండరం కుంచించుకుపోదు. నీళ్ళతో కడగకుండా, శుభ్రమైన గుడ్డతో అద్ది, కింద పళ్ళెం పెట్టి స్టీలు జల్లెడ మీద ఉంచి అన్నింటికన్నా కింది అరలో పెట్టండి. 4 డిగ్రీలు దాటకూడదు. ఇంటికి తేగానే డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వేయొద్దు, వేడి తగ్గని మాంసాన్ని ఒక్కసారిగా గడ్డ కట్టిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

షాసాబ్‌గుట్ట_దస్తర్‌ఖాన్
డాక్టర్ సాబ్ మాట నూటికి నూరు. మా అమ్మమ్మ కబాబ్‌కు గోష్త్ తెస్తే ఒక రోజు ముందే తెచ్చి పెట్టుకునేది, కారణం ఆమెకు తెలియదు గానీ అలవాటు అదే.

కోటిలింగం_తోట
క్షమించండి, నేను ఒప్పుకోను. మాంసం అంటే తాజాగా ఉండాలి. నా చిన్నప్పటి నుంచి ఆదివారం పొద్దున తెచ్చి పొద్దున్నే వండేస్తాం, ఎప్పుడూ గట్టిగా లేదు. మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టిన మాంసాన్ని 60 ఏళ్ళ మనిషికి పెట్టమంటారా? మా ఊళ్ళో పొద్దున పోయి సాయంత్రం వచ్చే కరెంట్‌తో?

పశువుల_దవాఖాన
మీ అలవాటు తప్పని నేను అనలేదు. కూర గంటసేపు ఉడుకుతుంది, కుక్కర్‌లో ఆరు విజిల్స్ వస్తాయి, ఆ నీటి వేడికి పోగులను కట్టిపడేసే పదార్థం కరిగి జిగురవుతుంది, కాబట్టి బిగుసుకున్న మాంసమైనా దారికి వస్తుంది. పెనం మీద మొత్తం ఏడెనిమిది నిమిషాలే కదా, అంత టైం దానికి దొరకదు. కరెంట్ గురించి మీరన్నది మాత్రం సరైన మాటే. నాలుగు గంటలకు మించి కరెంట్ పోయే చోట, ఎండాకాలంలో, ఈ పని చేయకండి. తెరవగానే వాసన తేడా వచ్చినా, వేలికి జిగటగా తగిలినా పారేయండి, డబ్బులు పోయాయని ఆలోచించొద్దు.

కోటిలింగం_తోట
సరే, కూరకూ దీనికీ తేడా ఉందంటే అర్థమైంది. నేనైతే మాత్రం పొద్దున్నదే తింటాను.

జడ్చర్ల_జంక్షన్
పెద్దకూర గురించి ఎవరూ చెప్పరేంటి? స్టేక్ అంటే అసలు అదే కదా. మా ఇంట్లో మాకు పండగ భోజనం. బర్రె మాంసంలో అండర్‌కట్ అని అడగండి, వెన్నెముక లోపలి వైపు రెండు పొడుగాటి కండలు ఉంటాయి, ఒక్కో జంతువుకు రెండే. అవి పెనం మీద వేస్తే పొట్టేలు రాన్ దాని ముందు నిలబడదు. ముందు రోజే చెప్పి పెట్టుకోవాలి, లేకపోతే పొద్దున్నే హోటళ్ళ వాళ్ళు తీసుకుపోతారు.

పశువుల_దవాఖాన
అండర్‌కట్ వరకు మీరు చెప్పింది నిజం. మిగతా భాగాలు పెనం మీద ఎందుకు బాగా రావో కూడా చెప్తాను. మన దగ్గర 1977 చట్టం ప్రకారం ఆవును, దూడను కోయకూడదు, బర్రె దూడకు కూడా అదే వర్తిస్తుంది. దున్న, బర్రె, ఎద్దు లాంటివి కూడా పాడికి, పనికి, సంతానానికి ఇక పనికిరావని ధ్రువపత్రం ఉంటేనే. అంటే మార్కెట్‌కు వచ్చేది ఎప్పుడూ ముదురు పశువే. వయసు పెరిగేకొద్దీ మాంసంలో ఆ కట్టిపడేసే పోగులు గట్టిపడతాయి. అందుకే మన పెద్దకూర నిదానంగా ఉడికిస్తేనే బాగుంటుంది. అండర్‌కట్ కండ పెద్దగా పని చేయదు కాబట్టి అదొక్కటే లేతగా ఉంటుంది.

పానగల్_కట్ట
జడ్చర్ల_జంక్షన్ అన్నా, అమ్మ సంగతి పైన చెప్పాను, లేకపోతే నేనే మీ దగ్గరికి వచ్చేవాణ్ణి. మా ఫ్రెండ్ ఇంట్లో చేసేటప్పుడు మీ మాట గుర్తు పెట్టుకుంటాను.

జడ్చర్ల_జంక్షన్
ఎవరింటి వంట వాళ్ళది తమ్ముడూ. వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి, పెనం పెట్టి ఉంచుతా.

షాసాబ్‌గుట్ట_దస్తర్‌ఖాన్
షాపులో ఏమని అడగాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. స్టేక్ అంటే వాళ్ళకు తెలియదు, వాళ్ళ మాటల్లో అడగాలి. చాంప్ అంటే పక్కటెముకలతో ఉన్న ముక్క. పుట్ అంటే వెన్ను భాగం, అన్నింటికన్నా మెత్తనిది, కానీ తక్కువే వస్తుంది. రాన్ వెనక తొడ, దస్త్ ముందు కాలు. దస్త్, గర్దన్ (మెడ) కూరకు వదిలేయండి. బోన్‌లెస్ అనకండి, ఆ మాట వింటే చేతికి అలవాటైన ముక్కలే పడతాయి. "పసందా కోయండి" అంటే రాన్ నుంచి వెడల్పుగా, పలుచగా, పోగుకు అడ్డంగా కోసి ఇస్తారు. మందం కావాలంటే "చాంప్ దో హడ్డీ కా" అనండి, రెండేసి ఎముకలకు ఒక ముక్క వస్తుంది, అప్పుడు అంగుళం పైనే ఉంటుంది. ఆదివారం మాత్రం వెళ్ళకండి, యాభై మంది లైన్‌లో ఉంటే ఎవరు వింటారు. మంగళవారం, గురువారం మా దగ్గర చాలా ఇళ్ళల్లో మాంసం తినరు, షాపు ఖాళీగా ఉంటుంది, కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ కోసిస్తారు.

అంకుల్‌కు పళ్ళ ఇబ్బంది అన్నారు కదా, నన్నడిగితే మందపాటి స్టేక్ కన్నా పత్తర్ కా గోష్త్ చేయండి. అదీ ఒక రకం స్టేకే, మన హైదరాబాద్‌ది. పసందా ముక్కలను కాస్త చితక్కొట్టి, అర కిలోకు ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద తొక్కతో సహా నూరి పట్టించి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, మిరియాలు, ఉప్పు, నిమ్మరసం వేసి గంట, గంటన్నర ఉంచండి. అంతకు మించి వద్దు, బొప్పాయి మాంసాన్ని పిండి చేసేస్తుంది. నల్లరాతి బండను బొగ్గుల మీద బాగా కాల్చి, నెయ్యి వేసి ఒక్కో ముక్క పరచాలి.

మూసీ_ఒడ్డు
బండకు కరువా మన దగ్గర? ఎటు చూసినా గుట్టలే.

షాసాబ్‌గుట్ట_దస్తర్‌ఖాన్
గుట్ట మీది రాయి, వాగులో రాయి తీసుకురావొద్దు భాయ్. లోపల తడి ఉంటే కాలేటప్పుడు పగిలి ఎగురుతుంది. మా చిన్నాన్న చెయ్యి కాలింది అలాగే. మందంగా, పగుళ్ళు లేని పలక తీసుకుని రెండు రోజులు ఎండలో పెట్టి, మొదట సన్న సెగ మీద మెల్లగా వేడి చేయండి.

సాగర్_గేట్లు
చేప స్టేక్ ఎవరూ అనలేదు. సాగర్ దగ్గర పెద్ద బొచ్చె తెచ్చి రెండు వేళ్ళ మందం గుండ్రంగా కోయించి పెనం మీద వేయండి, పళ్ళు లేనివాళ్ళు కూడా తింటారు.

కృష్ణమ్మ_కెరటం
బొచ్చెలో ముల్లు ఎవరు తీస్తారు అంకుల్‌కు? కొరమీను అయితే ఒప్పుకుంటా.

గద్వాల_అంచు
హైదరాబాద్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లలో న్యూజీలాండ్ గొర్రెపిల్ల చాప్స్ గడ్డ కట్టినవి ఉంటాయి, పోయినసారి నేను తెచ్చాను. బాగున్నాయి, కానీ ఆ ధరకు మన దగ్గర మూడు కిలోల మటన్ వస్తుంది. ఒక్కసారికి అంటే సరే. బయటి నుంచి బీఫ్ మాత్రం మన దేశంలోకి రానివ్వరు, ఎవరైనా ఆస్ట్రేలియా బీఫ్ అని అమ్మితే నమ్మొద్దు.

నల్లగొంగడి
న్యూజీలాండ్ గొర్రె ఎక్కడ, మన ఎర్ర గొర్రె ఎక్కడ. తంగేడు, తుమ్మకాయ, రేగి మేసి తిరిగిన దాని రుచి గడ్డ కట్టిన ప్యాకెట్‌కు రాదు. ఇది అభిమానంతో అంటున్నది కాదు, తిని చూసి చెప్పండి.

గద్వాల_అంచు
రుచి మనదే అన్నా. మెత్తదనం వాళ్ళది. రెండూ చెప్పాలి కదా.

పిల్లలమర్రి_నీడ
లోపల ఎర్రగా ఉంచుతారా, పూర్తిగా కాలుస్తారా? మెల్‌బోర్న్‌లో తిన్నట్టు రక్తం కారుతూ ఇక్కడ తినొద్దు, దయచేసి.

పశువుల_దవాఖాన
అది రక్తం కాదు, కండలో ఉండే ఎర్రటి ప్రోటీన్, నీళ్ళతో కలిసి వస్తుంది. అయినా మీ హెచ్చరిక సరైనదే. మున్సిపల్ కబేళా ముద్ర, డాక్టర్ పరీక్ష లేని మాంసం మన ఊళ్ళల్లో చాలా ఉంది. పెద్దాయనకు పెట్టేటప్పుడు ముక్క మధ్యలో 63 డిగ్రీలు వచ్చి, దించాక మూడు నిమిషాలు ఆగాలి. అప్పటికి మధ్యలో లేత గులాబీ ఉంటుంది, చాలు. సూది థర్మామీటర్ ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, షుగర్ ఎక్కువ ఉన్నవాళ్ళు పూర్తిగా కాలినదే తినాలి.

మూసీ_ఒడ్డు
పెనం దోసె పెనం వాడారా? నీళ్ళు వదిలిందన్నారు కదా, నాన్‌స్టిక్ అయితే అంతే. బరువైన ఇనుప పెనం, పొగ వచ్చేదాకా కాగాలి, ముక్క పొడిగా ఉండాలి, ఒకేసారి నాలుగు ముక్కలు ఇరికించొద్దు.

పానగల్_కట్ట
నాన్‌స్టిక్కే వాడాను అన్నా, కడిగి తడితోనే వేశాను కూడా. అర్థమైంది. ఈ వారం ప్రయత్నించి వచ్చి చెప్తాను.

పానగల్_కట్ట
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది. పెబ్బేరు దూరమని కనగల్ దగ్గర ఒక మంద వాళ్ళను అడిగి రెండు పళ్ళ పొట్టేలు తీసుకున్నాం, నాలుగు ఇళ్ళం కలిసి పోగులు వేసుకున్నాం. గురువారం పొద్దున కోయించాం. నా వాటాకు చాప్స్ పలక ఒకటి, రాన్ ఒకటి. చెప్పినట్టే కింది అరలో జల్లెడ మీద పెట్టాను. అమ్మ రోజుకు రెండుసార్లు తలుపు తీసి వాసన చూసింది, శనివారం దాకా నమ్మలేదు.

ఆదివారం మధ్యాహ్నం గంట ముందు బయట పెట్టి ఉప్పు, మిరియాలు పట్టించాను. రెండేసి ఎముకల చాప్స్ ఇనుప పెనం మీద నెయ్యి, వెల్లుల్లి, కరివేపాకుతో. తడి లేదు కాబట్టి నీళ్ళు ఊరలేదు, చుర్రుమని పట్టి ఎర్రగా కాలింది. నాన్న నమలలేరేమోనని నాకు భయమేసి రాన్ నుంచి కొన్ని పసందా ముక్కలు బొప్పాయి పట్టించి వేరుగా చేశాను, షాసాబ్‌గుట్ట అక్క చెప్పిన కొలత సరిగ్గా సరిపోయింది. ఆయన మొదట అవి తిన్నారు. తర్వాత నా పళ్ళెం వైపు చూసి "అది కూడా పెట్టు" అన్నారు. చాప్ ఒకటి ఎముక దాకా తిన్నారు. రెండోది అడిగారు. ఏమీ అనలేదు, ఎముక పక్కన పెట్టి అన్నం వద్దన్నారు, అంతే. మా నాన్న సంగతి తెలిసినవాళ్ళకు అదెంత పెద్ద మాటో తెలుస్తుంది.

ఒక తప్పు చేశాను, రాన్‌లో ఒక ముక్క పోగు వెంబడి కోశాను, అది మిగతావాటి కన్నా గట్టిగా ఉంది. అడ్డంగా కోయాలన్నది ఈసారి మర్చిపోను.

షాసాబ్‌గుట్ట_దస్తర్‌ఖాన్
చదివి కడుపు నిండింది. అంకుల్‌కు నా సలాం చెప్పండి.

కోటిలింగం_తోట
మంచిది బాబూ. మూడు రోజులంటే నాకు ఇంకా మనసు ఒప్పట్లేదు కానీ, ఒక రోజు పెట్టి చూస్తాను.

పశువుల_దవాఖాన
ఒక రోజుతో కూడా తేడా తెలుస్తుంది సార్. ఫ్రిజ్ తలుపు మాత్రం మాటిమాటికీ తీయకండి.

నల్లగొంగడి
కనగల్ మందది ఏ రంగు గొర్రె తమ్ముడూ? తలకాయ ఎవరికి పోయింది?

పానగల్_కట్ట
ఎర్రదన్నా. తలకాయ, కాళ్ళు మా పెద్దమ్మ వాళ్ళు అడిగారు, ఇచ్చేశాం. మీ నంబర్ మెసేజ్ చేయండి, ఉగాదికి మీ మందలోంచే తీసుకుంటాను, పాలపళ్ళది ఒకటి చూసి పెట్టండి.